మిద్దె మీద టబ్బులో తోకకప్పలు: గుడ్డు నుంచి గెంతే దాకా

నేను మొదటిసారి తోకకప్పల్ని తెచ్చిన ఏడాది తెల్లారేసరికి ఒక్కటీ మిగల్లేదు. వాన వెలిసిన సాయంత్రం మా వీధి చివర ఖాళీ సైటులో నిలిచిన నీళ్ళలోంచి ఓ నలభై దాకా పట్టుకొచ్చి, బకెట్‌లో కుళాయి నీళ్ళు పట్టి అందులో వదిలాను. బురదలోంచి తేట నీళ్ళలోకి వచ్చాయి కదా, హాయిగా ఉంటాయనుకున్నాను. పొద్దున చూస్తే అన్నీ బకెట్ అడుగున నల్ల నువ్వుల్లా పడి ఉన్నాయి. క్లోరిన్ చంపేసింది. నేను చంపాను అనడమే సరైన మాట.

ఆ తర్వాత చాలా వానాకాలాలు గడిచాయి. విజయవాడలో మా మిద్దె తోటలో ఇప్పుడు ప్రతి ఏడూ ఒక టబ్బు వీటికే. నాకు అర్థమైందేమిటంటే, తోకకప్పల్ని పెంచడమంటే చాలావరకు నీళ్ళని చూసుకోవడమే. నీళ్ళు బాగుంటే అవి వాటంతటవే పెరుగుతాయి. నీళ్ళు పాడైతే మీరు ఎంత మంచి తిండి పెట్టినా దండగే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. గుంట నీళ్ళు తెచ్చారంటే కప్ప పిల్లలతో పాటు పురుగులూ వస్తాయి. వాటిలో కొన్ని మీ కప్ప పిల్లల్ని తింటాయి. వాటి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నిజం చెప్పాలంటే నాకిప్పుడు కప్పలకంటే ఆ పురుగులంటేనే ఎక్కువ ఇష్టం.

1. ఎక్కడివి తేవచ్చు, ఎక్కడివి ముట్టుకోకూడదు

అడవుల్లోంచి, అభయారణ్యాల్లోంచి ఏదీ తేకూడదు, గుడ్లయినా సరే. అది చట్టం ఒప్పుకోదు. ఊళ్ళో చెరువుల్లోంచి, బాగా నీళ్ళుండే కుంటల్లోంచి తేవాల్సిన అవసరమూ లేదు, అక్కడ అవి బాగానే బతుకుతాయి. నాలుగు రోజుల్లో ఎండిపోయే రోడ్డు పక్క గుంటలు, కొత్త అపార్ట్‌మెంట్ పునాది గోతులు, బండి టైరు దిగబడిన చోట నిలిచిన నీళ్ళు చూడండి. అక్కడ పెట్టిన గుడ్లు చాలావరకు ఎండలో మాడిపోతాయి. అలాంటి చోటి నుంచి ఓ పదిహేను పిల్లల్ని తెచ్చి, పెద్దయ్యాక ఆ చుట్టుపక్కలే వదిలేస్తే ఎవరికీ నష్టం లేదు.

అన్నిటికంటే మేలైన పద్ధతి అసలు తేకపోవడం. మిద్దె మీదో పెరట్లోనో నీళ్ళ టబ్బు పెట్టి ఊరుకుంటే, చుట్టుపక్కల చెట్లుంటే, చెట్టు కప్ప తనే వచ్చి గుడ్లు పెట్టిపోతుంది. మాకు మూడో ఏడు అలాగే జరిగింది.

బోదురు కప్ప జోలికి మాత్రం వెళ్ళొద్దు. వానాకాలం మొదట్లో మగవి నిమ్మపండు రంగులోకి మారి, గొంతు కింద నీలం సంచులు ఉబ్బించి అరుస్తాయే, అవి. ఒకప్పుడు వాటి కాళ్ళు మన దేశం నుంచి టన్నుల కొద్దీ విదేశాలకు ఎగుమతయ్యేవి. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపేసింది. దానికి చట్టపరమైన రక్షణ ఉంది. అది పక్కన పెట్టినా, దాని పిల్లలు మాంసాహారులు, తోటి తోకకప్పల్నే తినేస్తాయి. మిగతావాటికంటే బొద్దుగా, చురుగ్గా ఉండి పక్కదాని తోక కొరుకుతున్నది కనిపిస్తే అదే అయ్యుండొచ్చు. తెచ్చిన చోటే వదిలేయండి.

2. ఎప్పుడు, ఏ గుడ్లు

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడి రాత్రంతా కప్పలు అరిచాయంటే, మర్నాడు పొద్దున్నే గుంటల దగ్గరికి వెళ్ళాలి. వానలు ఆలస్యమైతే ఆరుద్ర దాకా ఆగాలి. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపాకులు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించే కప్పతల్లి మొక్కు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఉండేది. కప్ప సంగతి ఏమోగానీ పిల్లలకి మాత్రం అది పండగే.

గుడ్లని చూసి ఏ కప్పవో చాలావరకు చెప్పేయొచ్చు. నల్ల పూసలు గుచ్చిన జిగురు దండలా, గడ్డి చుట్టూ మూరల కొద్దీ చుట్టుకుని ఉంటే అవి గోండ్రు కప్పవి. ఒంటినిండా బుడిపెలతో ఇంటి గోడల వారన కూర్చునే కప్ప అది. దాన్ని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయంటారుగానీ అది నిజం కాదు, పులిపిర్లు వచ్చేది వైరస్ వల్ల. కాకపోతే దాని కళ్ళ వెనక ఉబ్బు గ్రంథుల్లో విషం ఉంటుంది, కాబట్టి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, ఇంట్లో కుక్క ఉంటే దాని నోటికి అందనివ్వకూడదు.

నీటికి పైన, టబ్బు గోడకో కొమ్మకో తెల్లటి నురగ ముద్ద అతుక్కుని ఉంటే అది చెట్టు కప్ప గూడు. బాత్రూం వెంటిలేటర్ దగ్గర కాళ్ళు ముడుచుకుని కూర్చుని మనల్ని హడలగొట్టేది ఇదే. దాని పిల్లలు కొన్ని రోజులు ఆ నురగలోనే ఉండి, తర్వాత ఒక్కొక్కటే కింద నీళ్ళలోకి జారతాయి. గూడు కింద నీళ్ళు ఎండిపోతే ఒక బేసిన్‌లో నీళ్ళు పెట్టి ఉంచండి చాలు, గూడుని పీకొద్దు. ఈ పిల్లల మూతి కొసన తెల్లటి చుక్క ఉంటుంది, పై నుంచి చూస్తే టార్చిలైటు పెట్టుకున్నట్టు కనిపిస్తుంది.

నీటి మీద పలచటి పొరలా చిన్న చిన్న గుడ్లు తేలుతుంటే అవి చిన్న నోటి కప్పలవి కావచ్చు. పిల్లలు అద్దంలా ఉంటాయి, లోపలి పేగులు కనిపిస్తాయి. చూడ్డానికి అంత అందమైనవి ఇంకోటి లేవు. కానీ అవి నీటి మధ్యలో వేలాడుతూ నీళ్ళలోని సన్నటి పాచిని వడగట్టుకుని తింటాయి, ఆకుకూర వేస్తే ముట్టవు. మొదటిసారి పెంచేవాళ్ళు వాటిని వదిలేయడం మంచిది.

కొత్తవాళ్ళకి నా సలహా గోండ్రు కప్పే. మొండివి, త్వరగా పెరుగుతాయి, ఐదారు వారాల్లో పని అయిపోతుంది. చెట్టు కప్పకి అంతకంటే ఎక్కువ ఓపిక కావాలి.

3. టబ్బు, నీళ్ళు

పది, పదిహేను పిల్లలకి ఇరవై లీటర్లు పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. లోతు కంటే వెడల్పు ముఖ్యం, జానెడు లోతు నీళ్ళు చాలు. లేత రంగు టబ్బయితే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. వంటకో స్నానానికో వాడేది వద్దు, దీనికి విడిగా ఒకటి కొనండి.

రాగి గంగాళం, ఇత్తడి బిందె, పూలు వేసి పెట్టే ఉరుళి లాంటివి అస్సలు వాడొద్దు. అందంగా ఉంటుందని నాకు తెలిసినావిడ ఉరుళిలో వదిలారు, రెండు రోజుల్లో అన్నీ పోయాయి. నీళ్ళలోకి దిగే రాగి మనకి మంచిదంటారు, తోకకప్పలకి మాత్రం విషం. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి కూడా అంతే, సున్నం ఊరి నీళ్ళు క్షారంగా మారతాయి. రెండు మూడు వారాల పాటు నీళ్ళు నింపి పారబోస్తూ ఉండాలి.

నీళ్ళ విషయంలో వాన నీళ్ళకి మించింది లేదు. మొదటి వానకి మిద్దె కడిగిపోయాక, రెండో వాన నీళ్ళు పట్టుకోండి. బోరు నీళ్ళయితే ఒక రాత్రి వెడల్పాటి గిన్నెలో ఉంచి వాడండి. కుళాయి నీళ్ళయితే మూత లేకుండా ఒకటి, రెండు రోజులు నిలవ పెట్టాలి, క్లోరిన్ ఎగిరిపోతుంది. కొన్నిచోట్ల నీళ్ళలో క్లోరమిన్ కలుపుతారు, అది నిలవ పెట్టినా పోదు. అనుమానముంటే చేపల షాపులో యాంటీ క్లోరిన్ చుక్కల మందు దొరుకుతుంది, సీసా మీద ఉన్న లెక్క ప్రకారం వేయండి. ఆర్‌ఓ నీళ్ళు వద్దు, వాటిలో ఉండాల్సిన లవణాలు ఉండవు.

టబ్బుని పొద్దుటి ఎండ కాసేపు తగిలి, పదింటి తర్వాత నీడ ఉండే చోట పెట్టండి. వానల మధ్యలో రెండు రోజులు ఎండ కాస్తే మిద్దె మీద నీళ్ళు ఎంత కాగిపోతాయో మనకి తెలిసిందే. ముప్పై డిగ్రీల దాకా ఫర్వాలేదు, ముప్పై ఐదు దాటితే ప్రమాదం. చేయి పెడితే గోరువెచ్చగా తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

లోపల ఏం వేయాలి? గుంటలోంచి తెచ్చిన పాచి పట్టిన రాయి ఒకటి, హైడ్రిల్లా అనే నీళ్ళ మొక్క రెండు రెమ్మలు, ఎండిన బాదం ఆకులు రెండు. బాదం ఆకు నీళ్ళని టీ డికాషన్ రంగులోకి మారుస్తుంది, కంగారు పడకండి. ఆకు కింద పిల్లలు దాక్కుంటాయి, ఆకు మీద పేరుకునే జిగురు పొరని గీరుకు తింటాయి. ఎయిర్ పంపు అక్కర్లేదు. ఫిల్టరైతే అసలే వద్దు, చిన్న పిల్లల్ని లోపలికి లాగేస్తుంది.

టబ్బు మీద దోమతెర గుడ్డ వేసి చుట్టూ తాడుతో బిగించి కట్టండి. ఇది ఐచ్ఛికం కాదు. ఎందుకో దోమల దగ్గర చెబుతాను.

4. మొదటి వారం

ఇంటికి తెచ్చిన డబ్బాని టబ్బు నీళ్ళలో ఓ అరగంట తేలనివ్వండి. తర్వాత టబ్బు నీళ్ళని కొంచెం కొంచెంగా డబ్బాలోకి పోస్తూ ఇంకో అరగంట ఆగండి. అప్పుడు డబ్బా వంచండి. గభాలున కుమ్మరించకండి.

గుడ్లు తెచ్చినట్టయితే మన ఎండలకి ఒకటి, రెండు రోజుల్లోనే పొదుగుతాయి. తెల్లగా బూజు పట్టినట్టున్న గుడ్లని చెంచాతో తీసేయండి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది. పొదిగిన పిల్లలు కామాలంత ఉంటాయి, కదలవు, జిగురుకో ఆకుకో వేలాడుతుంటాయి. చచ్చిపోయాయని పారబోసేవాళ్ళని చూశాను. వాటికి అప్పటికి సరైన నోరే ఉండదు, మెడ పక్కన ఈకల్లాంటి మొప్పలు మాత్రం ఉంటాయి. భూతద్దం ఉంటే చూడండి, ఒకటి రెండు రోజులే కనిపిస్తాయి, ఆ తర్వాత చర్మం కప్పేస్తుంది. ఈ రోజుల్లో తిండి వేయకండి. అవి ఈదుతూ టబ్బు గోడ గీకడం మొదలుపెట్టాకే తిండి.

5. తిండి: తక్కువ పెట్టండి, ఇంకా తక్కువ పెట్టండి

బీరకాయ తొక్కు, సొరకాయ ముక్క, దోసకాయ చక్రం, క్యాబేజీ లోపలి ఆకు, వీటిలో ఏదో ఒకటి ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, చల్లారాక వేయండి. పదిహేను పిల్లలకి బొటనవేలంత ముక్క చాలు. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు మాత్రమే. రోజూ పాలకూరే పెడితే అందులోని ఆక్సలేట్ల వల్ల వాటికి కిడ్నీల్లో రాళ్ళు వస్తాయి. మనకి చెప్పే మాటే వాటికీ వర్తిస్తుంది.

ఆకు తినే వయసు దాటి కాళ్ళు మొలిచే దశకి వస్తున్నప్పుడు కొంచెం మాంసకృత్తులు కావాలి. ఉడికిన గుడ్డు పచ్చసొన ఆవగింజంత, లేదా చేపల మేత నాలుగు గింజలు, వారానికి రెండుసార్లు. పచ్చసొన నీళ్ళని చాలా త్వరగా పాడుచేస్తుంది, గంట తర్వాత మిగిలింది తీసేయాలి. అన్నం మెతుకులు, బిస్కెట్లు, బ్రెడ్డు వద్దే వద్దు. మా ఇంటికొచ్చిన చుట్టాలు ప్రేమ కొద్దీ పూరీ ముక్క వేశారు ఒకసారి. నూనె పొర తీయడానికి నాకు సాయంత్రం పట్టింది.

అయోడిన్ ఉప్పు గానీ అయోడిన్ మందు గానీ వేస్తే త్వరగా కప్పలవుతాయట కదా అని కొందరు అడుగుతారు. దాని వెనక కథ ఉంది. 1912లో గుడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకి గుర్రం థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపిస్తే అవి పెరగాల్సినంత పెరగకుండానే బుల్లి కప్పలైపోయాయి. కప్ప రూపం మారడానికి థైరాయిడ్ హార్మోను కారణమని, ఆ హార్మోనులో అయోడిన్ ఉంటుందని తర్వాత తెలిసింది. ప్రయోగశాలలో అది గొప్ప సంగతి. మన టబ్బులో ఉప్పు వేస్తే మాత్రం పిల్లలు చచ్చిపోతాయి, అంతే.

6. నీళ్ళు మార్చడం

రెండు రోజులకోసారి మూడో వంతు నీళ్ళు తీసి, నిలవ పెట్టిన నీళ్ళు పోయాలి. మొత్తం ఒకేసారి మార్చకండి, టబ్బుని తోమకండి. గోడకి పట్టిన పచ్చటి పాచి మురికి కాదు, అది వాటి భోజనం.

మెడికల్ షాపులో దొరికే సెలైన్ పైపు దీనికి బాగా పనికొస్తుంది. ఒక కొస టబ్బు అడుగున, ఇంకో కొస కింద బకెట్‌లో పెట్టి, చక్రం తిప్పి ధార తగ్గించుకుంటే అడుగున పేరుకున్న పెంట నెమ్మదిగా వచ్చేస్తుంది, పిల్లలు లాగబడవు. పైపు కొసకి చిన్న గుడ్డ పేలిక కడితే ఇంకా భద్రం. తీసిన నీళ్ళు మొక్కలకి పోయండి, మా కరివేపాకు ఏపుగా పెరిగింది ఈ నీళ్ళతోనే.

టబ్బు మీదకి వంగి వాసన చూడండి. వాన తడిసిన మట్టి వాసన వస్తే బాగున్నట్టు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చినా, పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నా, నీళ్ళు పాడైనట్టు. వెంటనే సగం మార్చి, రెండు రోజులు తిండి ఆపేయండి. చేతికి దోమల క్రీమో, సబ్బో ఉండగా నీళ్ళలో పెట్టకండి. పని అయ్యాక మాత్రం సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేత కూడా కడిగించండి.

7. పిలవని చుట్టాలు

ఒక ఏడు నేను ఇరవై రెండు పిల్లల్ని లెక్కపెట్టి వదిలాను. వారానికి పద్దెనిమిది. ఇంకో మూడు రోజులకి పదమూడు. శవాలు లేవు, వాసన లేదు. కాకి ఎత్తుకుపోతోందనుకుని దోమతెర ఇంకా బిగించాను. ఒక రాత్రి టార్చిలైటు వేసి చూస్తే, బాదం ఆకు అంచున మట్టి రంగు పురుగొకటి నిశ్చలంగా ఉంది. ఒక తోకకప్ప దాని ముందు నుంచి వెళ్ళింది. పురుగు కదల్లేదు. దాని మొహం కింద నుంచి మాత్రం మడత చేయి లాంటిదేదో విసురుగా బయటికొచ్చి, తోకకప్పని పట్టి, నోటి దగ్గరికి లాక్కుంది. రెప్ప వేసే లోపు అయిపోయింది.

అది తూనీగ పిల్ల. ఎర్రటి ఎండలో మన తలల మీద ఎగిరే తూనీగ బతుకులో మొదటి భాగమంతా నీళ్ళ అడుగునే. ఆ మడత చేయి నిజానికి దాని కింది పెదవి. కొసన కొక్కేలుంటాయి, వాడనప్పుడు మొహానికి మాస్కులా కప్పుకుని ఉంటుంది. నీళ్ళ మొక్కతో పాటు గుడ్డుగానో చిన్న పిల్లగానో వచ్చేసి ఉంటుంది. అందుకే ఏ రెమ్మ తెచ్చినా తెల్ల పళ్ళెంలో వేసి, జాడించి, పది నిమిషాలు కూర్చుని చూడండి. కదిలేదేదైనా బయటపడుతుంది.

దాన్ని చంపకండి. విడిగా గాజు సీసాలో పెట్టండి, ఒక సీసాకి ఒక్కటే, రెండుంటే ఒకదాన్నొకటి తింటాయి. సీసా అడుగున కొంచెం ఇసుక, నీళ్ళ పైకి జానెడు లేచే పుల్ల ఒకటి. తిండి దోమ పిల్లలు. ఇంక్ ఫిల్లర్‌తో కొంచెం బురద నీళ్ళు తీసి, దాని వెనక వైపు మెల్లగా వదిలి చూడండి. బురద మబ్బు ఒక్కసారి వెనక్కి తన్నుకుపోతుంది. దాని మొప్పలు పేగు చివర ఉంటాయి, నీళ్ళని వెనక నుంచే పీల్చి వెనక నుంచే వదులుతుంది. బెదిరిస్తే ఆ నీళ్ళని గట్టిగా చిమ్మి రాకెట్‌లా ముందుకి దూసుకుపోతుంది. మా అక్క కూతురికి ఇది చూపిస్తే, కప్పల టబ్బు వైపు మళ్ళీ వారం దాకా తిరిగి చూడలేదు. వానలతో గుంపులుగా వచ్చే పసుపు తూనీగల పిల్లలైతే కొన్ని వారాల్లోనే పెరిగి, ఒక రాత్రి పుల్ల ఎక్కి, వీపు చీల్చుకుని బయటికొస్తాయి. అవే తూనీగలు హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా దాకా వెళ్తాయి.

తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉండి, సన్నగా ఉన్నది సూది తూనీగ పిల్ల. ఇది పెద్ద తోకకప్పల్ని ఏమీ చేయలేదు, బుల్లివాటికి ప్రమాదమే.

నీటితేలు కూడా రావచ్చు. ఎండుటాకులా చదునుగా, వెనక పొడవాటి తోకతో ఉంటుంది. పిల్లలు తేలని అరుస్తారుగానీ ఆ తోకతో కుట్టదు, అది ఊపిరి గొట్టం, కొస నీళ్ళ పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. ముందు కాళ్ళతో వేటని పట్టుకుని, ముక్కులాంటి సూది గుచ్చి రసం పీలుస్తుంది. చేత్తో పట్టుకుంటే ఆ సూదే మనకీ దిగుతుంది, టీ జాలి వాడండి. దానికి దూరపు చుట్టమైన ఒక నీటి నల్లి ఉంటుంది, బాదం గింజంత, గోధుమ రంగు. వీపంతా గుడ్లు వరసగా అంటించుకుని తిరుగుతుంది. గుడ్లు మోసేది మగది. ఆడది వాటిని దాని వీపు మీద పెట్టి వెళ్ళిపోతుంది, అవి పొదిగే దాకా వాటికి గాలి ఆడేలా చూసుకోవడం మగదాని పనే. ఇది కూడా తోకకప్పల్ని తింటుంది, కాబట్టి విడిగా పెట్టి రెండు రోజులు చూసి, గుంటలో వదిలేయండి.

వెల్లకిలా ఈదే పురుగులు, నీటి పెంకు పురుగులు మీరు తేకపోయినా వస్తాయి. రాత్రిపూట ఎగురుతూ, దీపాల వెలుగుకి, మెరిసే నీళ్ళకి దిగుతాయి. పెంకు పురుగు రెక్కల కింద గాలి దాచుకుని మునుగుతుంది, అయిపోగానే వెనక భాగం పైకి పెట్టి మళ్ళీ నింపుకుంటుంది. దోమతెర ఉంటే ఇవి లోపలికి రాలేవు.

ఇక దోమలు. వానాకాలంలో మిద్దె మీద నిలవ నీళ్ళు పెట్టడమంటే డెంగీకి చాప వేసినట్టే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు. తోకకప్పలు దోమ పిల్లల్ని తినేస్తాయన్న మాట నమ్ముకోకండి, గోండ్రు కప్ప పిల్లలు పాచి గీకేవే తప్ప వేటాడేవి కావు. దోమతెర, దానికి తోడు రెండు రోజులకోసారి టీ జాలితో తీసేయడం, ఈ రెండే నమ్మదగ్గవి. తీసినవి తూనీగ పిల్లకి వేయండి. గంబూసియా, గప్పీ చేపలు వేస్తే దోమలతో పాటు మీ కప్ప పిల్లలూ మాయమవుతాయి. శుక్రవారం డ్రై డే అని నిలవ నీళ్ళు చూడ్డానికి సిబ్బంది వస్తే, తెర తీసి చూపించి సంగతి చెప్పండి. చెప్పకపోతే నీళ్ళయినా పారబోస్తారు, మందయినా వేస్తారు, వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు మరి. దోమ పిల్లల్ని ఇంట్లో పెంచి మహానుభావుడైనవాడు నాకు తెలిసి రోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక్కడే. 1897లో సికింద్రాబాద్‌లో అలా పెంచిన దోమల్లోనే ఆయన మలేరియా క్రిమిని కనిపెట్టాడు.

8. కాళ్ళు వచ్చే రోజులు

మూడో వారానికి తోక మొదట్లో రెండు చిన్న మొగ్గలు కనిపిస్తాయి. అవి వెనక కాళ్ళు. నెమ్మదిగా మోకాలు, వేళ్ళు విడివడతాయి. ముందు కాళ్ళు అలా కాదు, అవి లోపల చర్మం కింద తయారై దాక్కుని ఉంటాయి. ఒకరోజు మోచేయి చర్మాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. "పిన్నీ, దీనికి రాత్రికి రాత్రి చేతులొచ్చేశాయి!" అని మా అక్క కూతురు కేకేసింది అందుకే.

అజాగ్రత్తగా ఉంటే నెల రోజుల కష్టం ఒక్క రాత్రిలో పోయేది ఇక్కడే. ముందు కాళ్ళు వచ్చిన పిల్ల ఊపిరి తీసే పద్ధతి మారిపోతోంది. గట్టు ఎక్కలేకపోతే నీళ్ళలో మునిగి చనిపోతుంది. కప్ప నీళ్ళలో మునిగి చావడమేమిటని నవ్వొద్దు, నాకు ఐదు అలాగే పోయాయి.

కాబట్టి మొదటిదానికి వెనక కాళ్ళు పూర్తిగా రాగానే టబ్బుకి ఒక వైపు కింద ఇటుక ముక్క పెట్టి ఏటవాలు చేయండి. నీళ్ళు బాగా తగ్గించండి, లోతు వైపు నాలుగు వేళ్ళు, గట్టు వైపు ఏమీ ఉండకూడదు. గట్టు మీద తడిపిన కొబ్బరి పీచు, బోర్లించిన కొబ్బరి చిప్ప పెట్టండి. చిప్పకి ఒక పక్క చిన్న తలుపులా విరగ్గొడితే అవి లోపల దూరతాయి. చెట్టు కప్ప పిల్లలయితే వేళ్ళ చివరి దిండ్లతో నున్నటి గోడ కూడా ఎక్కేస్తాయి, తెర అంచుల్లో సందు లేకుండా చూసుకోండి.

ఈ దశలో అవి తినవు. మూతి సాగి కప్ప నోరవుతోంది, ఆకు అరిగించే పొడవాటి పేగు కుంచించుకుపోయి పురుగులు అరిగించే పొట్టి పేగవుతోంది. మరి బలం ఎక్కడిది? తోకలోంచి. తోక రాలిపోదు, కొద్ది రోజుల్లో ఒంట్లోకే కరిగిపోతుంది. తిండి మానేశాయని బెంగపడి ఏదో ఒకటి వేసి నీళ్ళు పాడుచేయకండి.

9. వదలడం

తోక చిన్న ముక్కగా మిగిలాక గోండ్రు కప్ప పిల్ల మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఇప్పుడు దానికి కదిలే తిండే కావాలి, అదీ దాని నోటికి పట్టేంత చిన్నది. బాగా మగ్గిన అరటిపండు తొక్క ఒకటి గట్టు మీద పెడితే దాని చుట్టూ మూగే బుల్లి ఈగలు రెండు, మూడు రోజులకి సరిపోతాయి. అంతకు మించి ఉంచుకోవడం వాటికి ఆకలి, మనకి టెన్షన్. చాలామంది ఇక్కడ ప్రేమతో ఆపేసుకుంటారు, వారం తర్వాత ఎండిన పిల్లల్ని ఏరుకుంటారు.

వాన పడిన సాయంత్రమో, నేల తడిగా ఉన్న చీకటి వేళో, తెచ్చిన చోటికే పట్టుకెళ్ళండి. నీళ్ళలో కాదు, నీళ్ళకి దగ్గర్లో గడ్డి దుబ్బుల కింద వదలండి. వేరే ఊరి చెరువులోనో, పార్కులోనో వదలకండి. కప్పలకి వచ్చే చర్మపు ఫంగస్ లాంటి జబ్బులు అలాగే పాకుతాయి. టబ్బులో చివరి నీళ్ళు కూడా కాలవల్లో పోయొద్దు, కుండీల్లోని మట్టికి పోయండి. అన్నీ ఒకే రోజు కప్పలు కావు, మొదటిదానికీ ఆఖరిదానికీ రెండు, మూడు వారాల తేడా ఉంటుంది. కాబట్టి నాలుగైదు విడతలుగా వెళ్ళాల్సి వస్తుంది.

కిందటేడు పదిహేను తెస్తే పదకొండు బయటికెళ్ళాయి. పన్నెండోదానికి వెనక కాళ్ళొచ్చి, ముందు కాళ్ళు రాకుండా ఆగిపోయింది, అక్టోబరు దాకా అలాగే తోకతో తిరిగి ఒకరోజు పోయింది. ఆఖరి విడత వదిలొచ్చాక టబ్బు బోర్లించి, ఎండలో మూడు రోజులు ఉంచి, సబ్బు లేకుండా కడిగి, మెట్ల కింద పెట్టాను. పక్కనున్న సీసాలో పుల్లకి తూనీగ విడిచిన తొడుగు అతుక్కుని ఉంది, కళ్ళ గుంటలతో సహా. అది మాత్రం తీయలేదు.